గోదావరి నీటి లెక్క
(సర్ ఆర్థర్ కాటన్ స్మారక ఉపన్యాస పాఠం, రాజమహేంద్రవరం)



కాటన్ దొర పేరుమీద జరిగే సభల్లో ఆనకట్ట గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఇవాళ నేను ఆ ఆనకట్టకు నీళ్లు పంపే నేల గురించి మాట్లాడతాను. నాసిక్ దగ్గర బ్రహ్మగిరి నుంచి అంతర్వేది దాకా 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నదికి 3,12,812 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉంది. మన దేశంలో ఇంచుమించు పదో వంతు. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, చివర యానాం, ఇందరి నేలమీద పడిన వాన కలిసి మన కాలువల్లో పారుతోంది.

నేను చెప్పదలచిన మాట మొదటే చెప్పేస్తాను. ఈ పరీవాహక ప్రాంతం మొత్తానికీ ఏటా నీటి లెక్క కట్టి, అందరి ముందూ పెట్టాలి. అందులో డెల్టాకూ సముద్రానికీ చెందవలసింది స్పష్టంగా రాసి ఉండాలి. ఆ లెక్క చూపకుండా ‘మిగులు జలాలు’ అని ఎవరన్నా మనం తలూపకూడదు. ఎందుకో వివరిస్తాను.

ఆనకట్ట దగ్గర కొలిస్తే సరిపోయిన రోజులు

1832–33 కరువు, 1839 ఉప్పెన ఈ ప్రాంతాన్ని ఎంత దెబ్బతీశాయో జనాభా లెక్కలు చెబుతాయి. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనం 1841 నాటికి సుమారు ఐదు లక్షల అరవై వేలకు పడిపోయారు. ఏటా వరదతో ఊళ్లను ముంచే నది పక్కనే పారుతుంటే పొలాలు ఎండిపోయాయి. కాటన్ 1844లో ఇచ్చిన నివేదికలో ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపాడు. కావేరి డెల్టాలో తంజావూరు ఎలా బతుకుతున్నదో, దానికంటే పెద్ద నది ఉన్న ఈ జిల్లా ఎలా ఉన్నదో పోల్చి చూపాడు. 1847లో మొదలైన పని 1852కు పూర్తయింది. వేలాది కూలీలను సమీకరించి ఆ పనికి అండగా నిలిచిన వీణెం వీరన్న గారిని కూడా ఈ సందర్భంలో తలచుకోవాలి. తరవాత పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాల్లో కలిపి 175 గేట్లు. దాని కింద పది లక్షల ఎకరాల ఆయకట్టు.

కాటన్ నాటికి నదిని ఒక్కచోట, చివర కొలిస్తే సరిపోయింది. ఎగువన చెరువులున్నాయి, రామప్ప, లక్నవరం వంటివి కాకతీయుల కాలం నుంచీ ఉన్నాయి. కానీ అసలు నదిని నిలబెట్టేంత పెద్ద కట్టడం లేదు. డెల్టా అవసరం ఎంత, నదిలో పారేది ఎంత, ఈ రెండే ప్రశ్నలు. రెండో అంకె మొదటిదానికంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి లెక్క తేలిగ్గా తెమిలిపోయింది.

ఆ తరవాత ఎగువన జరిగింది చూడండి. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963లో పునాది పడింది. పైఠాన్ దగ్గర జాయక్‌వాడీ 1976లో ప్రారంభమైంది. సింగూరు, ఎల్లంపల్లి, బలిమెల, 2019లో కాళేశ్వరం వచ్చాయి. ఒడిశాలో ఎగువ ఇంద్రావతి నీరు మహానది లోయలోకి మళ్లుతోంది. మన వైపు 2015 నుంచి పట్టిసీమ పంపులు గోదావరి నీటిని కృష్ణా డెల్టాకు పంపుతున్నాయి. ధవళేశ్వరం స్కేలు ఇవాళ చూపేది నది సత్తా కాదు. ఇవన్నీ పోగా మిగిలినది. పరీవాహకంలో ఎంత వాన పడింది, అందులో ఎంత నదిలోకి వచ్చింది, మధ్యలో ఎక్కడెక్కడ ఎంత ఖర్చయింది అన్నది తేలాలంటే నేలంతటి లెక్కా కట్టాలి.

వాన ఎంత, ఏరు ఎంత

ఈ లెక్కకు వయసు మూడున్నర శతాబ్దాలు. నదులకు నీరు భూమి అడుగున ఉన్న రహస్య మార్గాల్లో సముద్రం నుంచి వస్తుందని యూరప్‌లో నమ్మిన రోజుల్లో, పియర్ పెరో అనే ఫ్రెంచి పెద్దమనిషి సీన్ నది ఎగువ పరీవాహకంలో పడే వానను, ఆ నదిలో పారే నీటిని లెక్కగట్టాడు. వాన నదికి ఆరు రెట్లు ఉందని తేలింది. నదిని నింపడానికి వాన చాలునని, పైగా ఎంతో మిగులుతుందని 1674లో పుస్తకం అచ్చువేశాడు. నీటి శాస్త్రానికి అది మొదటి మెట్టు.

లెక్క సూత్రం చిన్నదే. పరీవాహకంలో పడిన వాన మూడు దారుల్లో పోతుంది. కొంత నేల నుంచి, చెట్టూచేమల నుంచి, జలాశయాల నుంచి ఆవిరై పైకి పోతుంది. కొంత నదిగా పారుతుంది. కొంత నేలలో, భూగర్భంలో, చెరువుల్లో నిలవ చేరుతుంది. ఒక్క ఏడాది లెక్కలో మూడోది పెద్దదే కావచ్చు. కరువు తరవాత వచ్చిన మంచి సంవత్సరంలో ఎండిన బావులు, చెరువులు నిండటానికే చాలా నీరు పోతుంది. ఇరవై ముప్పై ఏళ్లు కలిపి చూస్తే నిలవ పెరిగిన ఏళ్లు, తగ్గిన ఏళ్లు ఒకదానికొకటి సరిపోతాయి. అప్పుడు వానలో నుంచి ఆవిరి తీసేస్తే మిగిలేది నది. దీర్ఘకాలిక లెక్కకు అంత విలువ అందుకే. బావుల్లో నీరు ఏటేటా దిగిపోతుంటే మాత్రం ఆ మూడో పద్దు సున్నాకు రాదు. దాన్ని విడిగా రాయాల్సిందే.

గోదావరికి ఈ సూత్రం పెట్టి చూద్దాం. పరీవాహకంలో ఏడాది సగటు వాన సుమారు 1,100 మిల్లీమీటర్లు. అంత విస్తీర్ణం మీద పడితే అది ఇంచుమించు 12 వేల టీఎంసీలు. కేంద్ర జల సంఘం 1993లో గోదావరి సగటు నీటిని 110.54 శతకోటి ఘనపు మీటర్లుగా లెక్కించింది. మన భాషలో దాదాపు 3,900 టీఎంసీలు. అంటే పడిన వానలో మూడో వంతు నదికి చేరుతోంది. మిగిలిన రెండు వంతులు ఆకాశానికే తిరిగిపోతున్నాయి. గోదావరి నీటి తగాదాలన్నీ ఈ మూడో వంతు మీదనే జరిగాయి. అసలు పెద్ద పద్దు రెండు వంతుల ఆవిరి. ఆ పద్దులో చిన్న మార్పు వచ్చినా నది పద్దులో పెద్ద మార్పు కనిపిస్తుంది.

నేల తాగే నీరు

జూన్‌లో విదర్భలో, మరాఠ్వాడాలో మంచి వాన పడిందని పేపర్లో చదువుతాం. ధవళేశ్వరంలో నీరు కదలదు. ఆగస్టులో అంతే వాన పడితే భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక వస్తుంది. ఈ తేడా నేలది. నీటి శాస్త్రంలో ప్రతి ప్రాంతపు నేలనూ ఒక కుండగా ఊహించి లెక్క కడతారు. నల్లరేగడికి పెద్ద కుండ, రాతినేలకు చిన్న కుండ. వేసవి ఎండకు కుండ ఖాళీ అవుతుంది. తొలకరి వానలన్నీ దాన్ని నింపడానికే సరిపోతాయి. నిండాక పడిన ప్రతి చినుకూ పొర్లి వాగుల్లోకి, అక్కడి నుంచి ఏటిలోకి వస్తుంది.

లెక్క నెలనెలా నడుస్తుంది. ఈ నెల వాన ఎంత? ఎండ, గాలి, తేమ, పంటను బట్టి ఆవిరికి డిమాండ్ ఎంత? వాన డిమాండ్‌కు చాలకపోతే నేల తన నిలవలోంచి ఎంత ఇవ్వగలదు? మించితే నేల ఎంత తాగి, ఎంత వదిలింది? ఇలా ఒక్కో ఉపనదికీ, ఒక్కో రకం నేలకూ, ఒక్కో రకం పంటకూ, అడవికీ విడివిడిగా కట్టి కలుపుతారు. నమూనా అంటే ఇదే. కంప్యూటర్ ఈ పనిని వేగంగా చేస్తుంది. లెక్క సారం మాత్రం రైతుకు తెలిసిన సంగతే.

గోదావరి పరీవాహకాన్ని జల వివాదాల ట్రిబ్యునల్ జీ-1 నుంచి జీ-12 దాకా పన్నెండు ఉప పరీవాహకాలుగా చూసింది. మన డెల్టా జీ-10లో ఉంది. ఈ పన్నెండూ ఒకలా ఉండవు. పడమటి కనుమలకు తూర్పున, వాన నీడలో ఉండే మరాఠ్వాడాలో పడే కాస్త వాననూ ఎండే తినేస్తుంది. బస్తర్ అడవుల్లో వాన ఎక్కువ, నదికి వచ్చే భాగమూ ఎక్కువ. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మూడింటి పరీవాహకం కలిపి 1,71,000 చదరపు కిలోమీటర్లకు పైన, అంటే మొత్తంలో సగానికి కాస్త ఎక్కువ. నది నీటిలో వాటి వాటా అంతకంటే చాలా ఎక్కువ. శ్రీరాంసాగర్ నిండని ఏడు కూడా ధవళేశ్వరం గేట్లు ఎత్తవలసి రావడానికి కారణం ఇదే. 2016 ఏప్రిల్‌లో మంజీర లోయలోని లాతూరు పట్టణానికి రైలులో తాగునీరు మోశారు. లాతూరు కూడా గోదావరి పరీవాహకమే. ఒకే నదికి ఒక కొస అలా, ఇంకో కొస ఇలా. మొత్తానికి ఒక్క సగటు చెబితే రెండు కొసలకూ అబద్ధం చెప్పినట్టే.

వాల్తేరు నుంచి బాలానగర్ దాకా

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. 1949లో ఎ.ఎన్. ఖోస్లా మన నదుల కోసం ఒక సులువైన సూత్రం ఇచ్చారు: నెల సగటు ఉష్ణోగ్రతను 0.48తో గుణిస్తే ఆ నెల నష్టం సెంటీమీటర్లలో వస్తుంది. దాన్ని వానలోంచి తీసేస్తే నదికి చేరేది మిగులుతుంది. కొలత కేంద్రాలు సరిగా లేని రోజుల్లో దేశానికి అది ఎంతో ఉపకరించింది. అంతకు ముందు ఏడాదే అమెరికాలో థార్న్‌త్‌వెయిట్ ఆవిరి డిమాండ్ అనే భావాన్ని స్థిరపరిచాడు. దాని ఆధారంగా భారతదేశ జల సమతుల్యాన్ని లెక్కగట్టి, 1956లో అమెరికన్ భూగోళ శాస్త్రవేత్తల సంఘం పత్రికలో ప్రచురించిన శాస్త్రవేత్త వి.పి. సుబ్రహ్మణ్యం గారు. వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన ఈ విద్యకు పీఠం వేశారు. 1975లో కె.ఎల్. రావు గారు దేశపు నీటి సంపద మీద రాసిన గ్రంథంతో ఈ చర్చ ఇంజనీర్ల గదులు దాటి ప్రజల్లోకి వచ్చింది. సోవియట్ శాస్త్రవేత్త బుడికో దీర్ఘకాలిక ఆవిరికి రెండే హద్దులని చూపాడు: పడిన వాన కంటే ఎక్కువ ఆవిరి కాదు, సూర్యుడిచ్చే శక్తి కంటే ఎక్కువ ఆవిరి కాదు. మరాఠ్వాడాలో మొదటి హద్దు పనిచేస్తుంది. బస్తర్‌లో, వాన ముమ్మరంగా ఉన్న నెలల్లో రెండోది.

ఉపగ్రహాల సాయంతో కొత్త లెక్క కట్టాలని కేంద్ర జల సంఘం, హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం పూనుకున్నప్పుడు ప్రయోగానికి ఎంచుకున్న పరీవాహకాల్లో గోదావరి ఒకటి. థార్న్‌త్‌వెయిట్, మేథర్‌ల పద్ధతినే సవరించి వాడారు. ఏ పంట ఎక్కడ ఉందో, అడవి ఎంత ఉందో ఉపగ్రహ చిత్రాల నుంచి తీసుకున్నారు. దేశమంతటికీ విస్తరించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, 1985 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల సగటుగా గోదావరికి 117.74 శతకోటి ఘనపు మీటర్లు తేలింది. సుమారు 4,150 టీఎంసీలు.

పాత అంకెకూ కొత్త అంకెకూ తేడా దాదాపు 254 టీఎంసీలు. పోలవరం జలాశయం పూర్తి సామర్థ్యం 194.6 టీఎంసీలు. నదికి కొత్తగా నీరు పుట్టలేదు. లెక్క కట్టిన పద్ధతి, తీసుకున్న కాలం మారాయి. పద్ధతి మారితేనే పోలవరాన్ని మించిన తేడా వస్తున్నప్పుడు, ఏ అంకెనైనా దాని వెనక ఉన్న పద్ధతిని అడిగి తెలుసుకోకుండా ప్రాజెక్టులకు పునాదిగా వాడకూడదు.

నమూనాను పరీక్షించడానికీ ఒక పద్ధతి ఉంది. పోలవరం, పేరూరు, టేక్రా, పాతగూడెం, కుంట, మంచిర్యాల వంటి చోట్ల కేంద్ర జల సంఘం రోజూ ప్రవాహాన్ని కొలుస్తోంది. అక్కడ కొలిచిన నీటికి ఎగువన వాడుకున్నదీ, జలాశయాల్లో ఆవిరైనదీ, నిలవలో పెరిగినదీ, బయటి లోయలకు పోయినదీ కలిపి, పొలాల నుంచి తిరిగి వచ్చినదాన్ని తీసివేసి, నమూనా చెప్పిన అంకెతో పోల్చాలి. క్లెమెష్ అనే శాస్త్రవేత్త 1986లో ఇంకా గట్టి పరీక్ష చెప్పాడు: మంచి వానలున్న ఏళ్లతో నమూనాను సరిచూసి, దాన్ని కరువు ఏళ్ల మీద ప్రయోగించాలి. అక్కడ తప్పితే ఆ నమూనా రేపటి మాట చెప్పడానికి పనికిరాదు. గోదావరి మీద వచ్చే ప్రతి నివేదికకూ ఈ పరీక్ష పెట్టాలి.

సగటు కడుపు నింపదు

సగటు నీటి మీద పంట పండదు. అందుకే నీటిపారుదలలో 75 శాతం లభ్యత అనే కొలత వాడతారు: నాలుగేళ్లలో మూడేళ్లు కచ్చితంగా దొరికే నీరు. అది సగటు కంటే తక్కువే ఉంటుంది. నాలుగో ఏట ఏమవుతుందన్నది శివారు రైతుకు బాగా తెలుసు.

ఏడాది అంకె కూడా చాలదు. నెలల వారీ లెక్క కావాలి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారు. అప్పుడు నదిలో పది లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉంటుంది. ఆ వేగంతో ఒక్క రోజు పారితే 86 టీఎంసీలు. మన మూడు డెల్టాల్లో రెండో పంట అయిన దాళ్వా మొత్తానికి కావలసింది ఇంచుమించు 90 టీఎంసీలు. ఒక్క వరద రోజున సముద్రంలో కలిసే నీరు, మనకు ఒక పంట కాలానికి సరిపోయే నీరు దాదాపు సమానం. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే నదిలో సహజంగా వచ్చేది కొన్ని వేల క్యూసెక్కులకు పడిపోతుంది. మూడు కాలువలకూ నిండుగా ఇవ్వాలంటే పది వేల క్యూసెక్కులకు పైన కావాలి. ఆ లోటును సీలేరు పూడుస్తోంది. బలిమెల, డొంకరాయి నుంచి విద్యుత్తు తీసి వదిలిన నీరు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి వచ్చి, మన దాళ్వాకు చేరుతోంది. అంటే మన రెండో పంట ఎక్కడో ఒడిశా సరిహద్దు కొండల్లో నిలవ చేసిన నీటి మీద, అక్కడి విద్యుత్ అవసరాల మీద ఆధారపడి ఉంది. ఆ నీరు తగ్గిన ఏడాది వంతులు పెడతారు. మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేసి, ఆ నీటినే తోడుకుంటారు.

‘గోదావరిలో వేల టీఎంసీలు వృథాగా పోతున్నాయి’ అన్న మాట జూలైకి, ఆగస్టుకు చెందినది. మార్చి నెలలో ఆ మాటకు ఆధారం లేదు.

ఎగువ మారితే

పొడి ప్రాంతంలో వాన కాస్త తగ్గితే ఏరు చాలా తగ్గుతుంది. ఒక చోట 700 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 600 ఆవిరై, 100 ఏటికి వస్తోందనుకుందాం. వాన పది శాతం తగ్గి 630 అయింది. నేల, పైరు తమ అవసరాన్ని అదే పాళ్లలో తగ్గించుకోవు. అవి 555 తీసుకుంటే ఏటికి మిగిలేది 75. వాన పది శాతం తగ్గితే ఏరు ఇరవై ఐదు శాతం తగ్గింది. తడి ప్రాంతంలో ఈ దెబ్బ ఇంత తీవ్రంగా ఉండదు. అందువల్ల ప్రాణహితకు ఎగువన ఉన్న అసలు గోదావరి ముందు ముందు ఎక్కువ ఒడుదొడుకులకు లోనవుతుంది, మన ఆధారం ఇంకా ఎక్కువగా ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మీదికి జరుగుతుంది. వేడి పెరిగితే ఆవిరి డిమాండ్ పెరుగుతుంది. వాన మారకపోయినా ఏరు మారుతుంది.

మనుషుల చేతి పని కూడా అంతే. మరాఠ్వాడాలో చెరకు పెరిగినా, తెలంగాణలో బోరుబావులు పెరిగినా, చెరువుల పూడిక తీసినా ఆవిరి పద్దు పెరుగుతుంది. వాళ్లను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. తన పొలంలో పడిన వానను నిలుపుకునే హక్కు ఎగువ రైతుకు మనతో సమానంగా ఉంది. లాతూరు దాహం మన దాళ్వా కంటే ముందు తీరాలి. మన హక్కు వేరొకటి: ఎగువన ఏం మారుతోందో తెలుసుకునే హక్కు. 1969లో ఏర్పడి 1980లో తుది తీర్పు ఇచ్చిన జల వివాదాల ట్రిబ్యునల్, అంటే బచావత్ ట్రిబ్యునల్, గోదావరి నీటిని మొత్తం ఒక్క అంకెగా తేల్చి పంచలేదు. రాష్ట్రాలు కుదుర్చుకున్న ఒప్పందాలను ఆమోదించి, ఉప పరీవాహకాల వారీగా వాడకాలను నిర్ణయించింది. పోలవరం నుంచి కృష్ణకు మళ్లించే 80 టీఎంసీల్లో కర్ణాటకకూ మహారాష్ట్రకూ భాగం వచ్చింది. ఆనాటి ఒప్పందాల వెనక ఉన్న నీటి అంచనాలు ఆనాటి వానలవి, ఆనాటి అడవులవి, ఆనాటి పంటలవి. జలాశయాలు కూడా ఆనాటివి కావు. 112 టీఎంసీలతో కట్టిన శ్రీరాంసాగర్ పూడికతో సుమారు 80 టీఎంసీలకు తగ్గింది. నిజాంసాగర్ తన సామర్థ్యంలో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంది.

సముద్రానిది కూడా వాటానే

డెల్టాను నది తెచ్చిన మట్టి కట్టింది. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990లకు అది ఆరు కోట్ల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఎగువ జలాశయాల్లో మట్టి ఆగిపోతుంటే తీరాన్ని సముద్రం కోస్తోంది. నది నోళ్ల దగ్గర మంచినీటి ఒత్తిడి తగ్గితే ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. కోనసీమ శివారు ఊళ్లలో బావినీరు ఉప్పెక్కిన సంగతి ఈ సభలో చాలామందికి ఇంటి అనుభవం. కోరింగ మడ అడవికి మంచినీరూ ఉప్పునీరూ రెండూ కావాలి. సముద్రం నుంచి ఎదురీది వచ్చే పులసకు ఎర్రనీరు కావాలి. ఆ చేప మీద బతికే మత్స్యకార కుటుంబాలకు అదే జీవనాధారం. పెద్ద వరదలు మురుగు కాలువల నోళ్లను, నదీముఖాలను కడిగి వెళతాయి. సముద్రానికి పోయే నీటిలో ఎంత భాగం ఈ పనులు చేస్తోందో కొలవాలి. కొలిచాక ఆ భాగాన్ని ఖర్చు కింద రాయాలి. అది రాసిన తరవాతే మిగులు గురించి మాట్లాడాలి.

వరద నీటిని దూర ప్రాంతాలకు మళ్లించడాన్ని నేను వ్యతిరేకించను. రాయలసీమ దాహం మన దాహమే. గోదావరిని కృష్ణకు, పెన్నకు, కావేరికి కలిపే ఆలోచనల మీద చర్చ జరగనివ్వండి. ప్రతి ప్రతిపాదనకూ నెలల వారీ లెక్క, కరువు ఏడాది లెక్క, ఉప పరీవాహకాల వారీ లెక్క జతచేయమని అడగండి. జూలై నీటిని చూపి మార్చి నీటికి ఎసరు పెట్టే పథకాన్ని ఒప్పుకోకండి.

చేయవలసిన పనులు

మొదటిది. ఏటా నీటి సంవత్సరం ముగిసే మే నెలాఖరుకు గోదావరి పరీవాహకం మొత్తానికీ వాన, ఆవిరి, ప్రవాహం, నిలవ, మళ్లింపుల లెక్కను కేంద్ర జల సంఘం తెలుగు, మరాఠీ, హిందీ, ఒడియా, కన్నడ భాషల్లో ప్రచురించాలి. 2014 పునర్విభజన చట్టంతో ఏర్పడిన గోదావరి నదీ యాజమాన్య బోర్డు పరిధి రెండు తెలుగు రాష్ట్రాలే. నది అంతటితో ఆగదు కాబట్టి లెక్కా ఆగకూడదు.

రెండోది. కొలత కేంద్రాల రోజువారీ ప్రవాహాలు, జలాశయాల నీటిమట్టాలు, కాలువలకు వదిలిన నీరు విద్యార్థికి, రైతుకు అడిగిన వెంటనే దొరకాలి. రహస్యంగా ఉంచిన లెక్కను ఎవరూ సరిచూడలేరు.

మూడోది మన చేతిలో ఉంది. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు డెల్టా సొంత లెక్క కట్టాలి. కాలువ తలదగ్గర ఎంత తీసుకున్నాం, పంట ఎంత తాగింది, మురుగు కాలువలోకి ఎంత పోయింది, కొల్లేరులోకి, ఉప్పుటేరులోకి ఎంత చేరింది? మనం ఎగువవాళ్లను లెక్క అడగాలంటే మన లెక్క ముందు బల్లమీద పెట్టాలి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ల గోడులో మురుగునీరు పోయే దారి లేకపోవడం కూడా ఉంది. ఎక్కువైన నీరు కూడా డెల్టాకు నష్టమే.

నాలుగోది విద్యార్థులకు. మీ ఊరి పరిధిలో ఒక చిన్న మురుగు కాలువను తీసుకోండి. బడి ఆవరణలో వానమాపకం పెట్టండి. ఒక్క సీజన్‌లో పడిన వాన, పారిన నీరు రాయండి. పెరో సీన్ నది మీద చేసిన పని కాకినాడ, భీమవరం, అమలాపురం కాలేజీల్లో చదివే పిల్లలు చేయగలరు. ఆ కొలతలే రేపు పెద్ద నమూనాలను నిలదీస్తాయి.

రైతు సోదరులారా, ఇకముందు గోదావరిలో మిగులు ఉందని ఎవరైనా మీతో అంటే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ నెలలో? ఎన్నేళ్లలో ఎన్నేళ్లు? ఏ ఉపనది నుంచి? డెల్టా, సముద్రం వాటా తీశాకనేనా? ఈ నాలుగింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగినవాళ్లతో కూర్చుని మాట్లాడండి. చెప్పలేనివాళ్లను లెక్క కట్టుకుని రమ్మనండి.